తెరుచుకోని తలుపుకి నంబరు

మా మావయ్య ఇంట్లో ఏ తలుపుకీ లోపలి గడియ ఉండదు. బాత్రూంలోకి వెళ్లినవాళ్లు దగ్గుతూనో కూనిరాగం తీస్తూనో ఉండాలి, లేకపోతే ఎవరో ఒకరు తోసుకుని వచ్చేస్తారు. కొత్తగా వచ్చిన చుట్టాలు సిగ్గుతో చచ్చిపోతారు. అలవాటైన మాబోటివాళ్లం ముందే గొంతు సవరించుకుని లోపలికి వెళతాం. గడియలు ఎందుకు పీకించారని ఎవరూ అడగరు. అందరికీ తెలిసిన సంగతే.

మావయ్య కూతురు గువ్వ నా ఈడుదే. అసలు పేరుతో దాన్ని పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ఒక మధ్యాహ్నం స్నానానికి వెళ్లి గడియ వేసుకుంది. గ్యాస్ గీజర్ వెలుగుతోంది, కిటికీ మూసి ఉంది. ఇంట్లో మావయ్య ఒక్కడే ఉన్నాడు. ఎంతసేపటికీ రాకపోయేసరికి పిలిచాడు, తలుపు బాదాడు, భుజంతో తోశాడు. లోపల్నుంచి కాసేపు తట్టిన చప్పుడు వినిపించిందట, తర్వాత అదీ లేదు. తలుపు రాలేదు. తోయడం ఆపి వీధి చివరి వడ్రంగి కోసం పరిగెత్తాడు. ఇద్దరూ వచ్చి తలుపు తీసేసరికి, ఆ గ్యాసుకి ఊపిరాడక అంతా అయిపోయింది.

ఆ తర్వాత ఎన్నేళ్లో అత్తయ్య ఆయనకి ఒకే మాట చెప్పుకుంటూ వచ్చింది. "అది టేకు తలుపు. ఏనుగు తోసినా రాదు. నువ్వు అక్కడే ఉన్నా అంతే." ఆవిడ ఆస్పత్రిలో నర్సు. ఏ మందు ఎంత మోతాదులో ఎన్నాళ్లు వేయాలో తెలిసిన మనిషి. ఈ మందు చాలా కాలం వేసింది. మెల్లమెల్లగా మావయ్య తిన్నాడు, పడుకున్నాడు, మళ్లీ పనికి వెళ్లాడు.

ఆయన పని డ్రాఫ్ట్స్‌మన్ పని. పగలు ఆఫీసులో వంతెనలకీ నీళ్ల ట్యాంకులకీ ప్లాన్లు గీసేవాడు. సాయంత్రాలు అవే పెన్సిళ్లతో ఎక్కడా లేని కోటలకీ గనులకీ ప్లాన్లు గీసేవాడు. బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆటంటే ఆయనకి పిచ్చి. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు అందులో మనుషులవుతారు. "తలుపు తోస్తాను" అని ఒకరంటే, తోయగలిగారో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మా నాన్న దీన్ని "మతి ఉన్నవాళ్లు ఆడే ఆటేనా ఇది" అని ఈసడించేవాడు. అయినా మావయ్య రాసిన సాహసాలు పుస్తకాలుగా వచ్చాయి, ఆడేవాళ్లు వాటిని నెత్తిన పెట్టుకున్నారు.

వాటిలో చివరిది 'ఉప్పు గని'. గువ్వ పోయాక రాసింది అదొక్కటే. అందులో చివరి గది గురించి నాలుగే నాలుగు వాక్యాలు ఉంటాయి: "ఎదురుగా ఇనప తలుపు. అవతల గని కూలీ కూతురు తడుతూ ఉంటుంది. ఈ తలుపు తెరుచుకోదు. కాసేపటికి చప్పుడు ఆగిపోతుంది." గనిలో మిగతా ప్రతి తలుపుకీ ఎంత పడితే తెరుచుకుంటుందో నంబరు ఇచ్చాడు. దీనికి ఇవ్వలేదు. ఆ గదికి వచ్చేసరికి ఆడేవాళ్లు పాచికలు పక్కన పెట్టి ఊరికే కూర్చునేవారట. పుస్తకం అచ్చయ్యాక మావయ్య తన పాచికలు డబ్బాలో పడేసి మూత పెట్టాడు. మళ్లీ బల్ల దగ్గర కూర్చోలేదు.

ఆయన పిచ్చి నాకు అంటుకుంది. ఇలాంటి ఆటల పుస్తకాలు వేసే చోటే ఉద్యోగం చూసుకున్నాను. నా పని పాత సాహసాల్ని కొత్త రూల్సులోకి మార్చడం. వినడానికి తేలిక, చేసేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. పాత రూల్సులో కవచం నంబరు తగ్గేకొద్దీ గట్టిది, కొత్తవాటిలో పెరిగేకొద్దీ గట్టిది. ఒక్కచోట తిప్పడం మర్చిపోతే, గుహని గడగడలాడించాల్సిన రాక్షసుడు మట్టి కుండలా పగిలి ఊరుకుంటాడు. పాత ఆటలో విషపు సాలీడు కుడితే మనిషి చచ్చినట్టే. కొత్త ఆటలో పడిపోయినవాడికి బతకడానికి అవకాశం మీద అవకాశం ఇచ్చి, అవన్నీ పోగొట్టుకున్నాక గానీ చావనివ్వరు. ఎవరో దయగల మహానుభావులు రాసిన రూల్సు అవి. నాకూ ఆ దయ నచ్చేది.

'ఉప్పు గని' నా బల్ల మీదికి వచ్చినప్పుడు మావయ్యకి ఫోన్ చేశాను.

"నంబర్లు నువ్వే చూసుకో అమ్మా," అన్నాడు. "కొత్తవి నాకు తెలీవు. గుహలు మాత్రం చెడగొట్టకు, ఆ కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి."

నంబర్లన్నీ మార్చుకుంటూ చివరి గదికి వచ్చాను. మా కంప్యూటర్లో ప్రతి తలుపుకీ ఒక గడి ఉంటుంది, అందులో కష్టం ఎంతో నంబరు పడాలి. ఖాళీగా వదిలేస్తే గడి ఎర్రగా మెరుస్తూ పేజీని ప్రింటుకి కదలనివ్వదు. వెళ్లి ఎడిటర్ని అడిగాను. ఆయన కుండ బద్దలు కొట్టినట్టు మాట్లాడే మనిషి.

"తెరుచుకోని తలుపేంటండీ? అలాంటప్పుడు గోడ అని రాయొచ్చుగా," అన్నాడు. "కొత్త రూల్సులో దారి లేని గది ఉండకూడదు. ఏదో ఒకటి పెట్టండి."

నాకు ముక్కు మీదే ఉంటుంది కోపం. ఇంకే గది గురించైనా ఆయనతో పెద్ద గొడవే పెట్టుకునేదాన్ని. ఆ రోజు పెట్టుకోలేదు. నిజం చెప్పాలంటే ఆయన మాట నాకు తేనెలా అనిపించింది. ఇన్నేళ్లుగా ఆ పాప ఎన్ని బల్లల మీద చచ్చిపోయిందో! ఒక్క బల్ల మీదన్నా బతకకూడదా? అది గువ్వ కాదని నాకు తెలుసు. గువ్వేనని కూడా తెలుసు. గడిలో పద్దెనిమిది కొట్టాను. ఎన్నిసార్లయినా తోయొచ్చని రాశాను. తెరుచుకుంటే పాప బతికే ఉంటుందని, తోసినవాళ్ల మెడ పట్టుకుని వేలాడుతుందని రాశాను. రాస్తూ ఏడ్చాను, చాలా సంతోషంగా ఏడ్చాను.

అచ్చుకి ముందు ఒకసారి ఆడి చూడటం మా పద్ధతి. మావయ్య ఇంట్లోనే ఆడదామన్నాను. ఆయన మళ్లీ బల్ల దగ్గర కూర్చోవాలి, ఆ తలుపు ఆయన కళ్ల ముందు తెరుచుకోవాలి, నాకు కావలసింది అదొక్కటే. బతిమాలగా బతిమాలగా ఒప్పుకున్నాడు. నడిపేది నేను, ఆయన ఆడతాడు. పాత రోజుల్లో ఆయనతో ఆడిన పళ్ల డాక్టరు కూడా వస్తానన్నాడు. అత్తయ్య బల్ల మీద మంచి దుప్పటి పరిచింది. మావయ్య డబ్బా మూత తీసి పాచికలు బల్ల మీద పోస్తుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఆ చివరి గది దగ్గర జాగ్రత్తే. చదివేసి తొందరగా దాటించెయ్."

"నేను చూసుకుంటా కదా అత్తయ్యా. మీరు నిశ్చింతగా ఉండండి," అన్నాను. ఎంత ధీమాగా అన్నానో!

ఆట బ్రహ్మాండంగా సాగింది. కథలో మావయ్య మనిషి బండబలం ఉన్న గనివాడు, డాక్టరు మనిషి పిరికి దొంగ.

"నోట్లో వేళ్లు పెట్టి బతికేవాడివి, తాళంలో వేలు పెట్టడానికి భయమేంట్రా?" అని మావయ్య ఏడిపిస్తే డాక్టరు పడీపడీ నవ్వాడు. వంటింట్లోంచి అత్తయ్య నవ్వు కూడా వినిపించింది. ఆ ఇంట్లో అందరూ ఒకేసారి నవ్వగా విని చాలా కాలమైంది.

చివరి గదికి వచ్చాం. "ఎదురుగా ఇనప తలుపు," అని చదివాను. "అవతల గని కూలీ కూతురు తడుతూ ఉంటుంది." మావయ్య పాచికని పక్కన పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. డాక్టరు తల వంచుకున్నాడు. ఇద్దరూ తర్వాతి వాక్యం కోసం చూస్తున్నారు. నేను ఆ వాక్యం చదవలేదు.

"ఏం చేస్తారు?" అన్నాను.

మావయ్య తలెత్తాడు. "ఏం చేసేదేముంది అక్కడ?"

"తోయొచ్చు మావయ్యా. పద్దెనిమిది రావాలి. ఎన్నిసార్లయినా వెయ్యొచ్చు."

"దానికి నంబరుందా?"

"కొత్త రూల్సులో ఉంది."

డాక్టరు కుర్చీలో ముందుకి జరిగాడు. "వెయ్యరా! బలం ఉన్నది నీవాడికేగా!"

మావయ్య పాచిక తీసుకున్నాడు. మొదటిసారి మూడు పడింది. నేను చప్పుడు ఇంకా వినిపిస్తోందన్నాను. రెండోసారి తొమ్మిది. చప్పుడు కాస్త తగ్గిందన్నాను. ఆయన చొక్కా చంకల దగ్గర తడిసిపోయింది. మూడోసారి పాచిక దొర్లి దొర్లి పందొమ్మిది దగ్గర ఆగింది.

డాక్టరు బల్ల మీద చరిచి "తెరుచుకుంది!" అని అరిచాడు. నేను రాసుకున్నది చదవడం మొదలుపెట్టాను. పాప బతికే ఉందని, వచ్చి మెడ పట్టుకుందని, ఊపిరి పీల్చుకుంటూ ఏడుస్తోందని. చదువుతూ మళ్లీ ఏడ్చాను. చదవడం అయ్యాక మావయ్య మొహం చూశాను, నాతో పాటు ఏడుస్తాడని.

ఆయన పాచిక వంకే చూస్తున్నాడు.

"మూడోసారికి వచ్చింది," అన్నాడు. "నేను రెండుసార్లు తోసి ఆపేశాను."

డాక్టరు నవ్వు మొహం మీదే గడ్డకట్టింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"మావయ్యా, ఇది ఆట..." అన్నాను.

"ఆటేలే అమ్మా," అన్నాడు మెత్తగా. "రెండుసార్లో, మూడుసార్లో సరిగ్గా గుర్తులేదు. ఆపేసి వెళ్లింది మాత్రం గుర్తుంది." పాచికలు ఒక్కొక్కటే డబ్బాలో వేసి లేచి వెళ్లాడు.

నేను వెళ్లేటప్పుడు అత్తయ్య మెట్ల దాకా వచ్చింది. తిడితే బాగుండేది. తిట్టలేదు.

"ఆ తలుపు ఎవరివల్లా కాదన్న ఒక్క మాట ఆయన చేత నమ్మించడానికి నా సగం బతుకు పోయింది," అంది. "నాకు మటుకు తెలుసా ఏంటి, వస్తుందో రాదో? తెలీకుండానే చెప్పా. చెప్పీ చెప్పీ నేనూ నమ్మేశా. నువ్వు ఒక్క పూటలో తీసేశావు కదే."

మెట్లు దిగి వచ్చేశాను.

ఆ తర్వాత అత్తయ్య ఫోన్లు మొదలయ్యాయి. మావయ్య ఆఫీసులో, బంధువుల ఇళ్లలో, ఎక్కడికి వెళ్లినా తలుపులకి భుజం ఆనించి చూస్తున్నాడట. టేకుదా మామూలు కలపా అని వేలితో కొట్టి చూస్తున్నాడట. ఆ వడ్రంగి ఎప్పుడో పోయాడని తెలిసీ అతని కొడుకుని వెతుక్కుంటూ వెళ్లి, మీ నాన్న ఆ తలుపుని ఎన్ని దెబ్బలకి తీశాడో ఎప్పుడన్నా చెప్పాడా అని అడిగి వచ్చాడట. చెప్పలేదన్నాడట ఆ అబ్బాయి. భుజం కమిలిపోయింది, నేనే కాపడం పెడుతున్నాను అని చెప్పి అత్తయ్య ఫోన్ పెట్టేసింది.

నేను ఎడిటర్ గదిలోకి వెళ్లి ఆ గడిని ఖాళీగా వదిలెయ్యమన్నాను.

"కుదరదండీ. సిస్టమ్ తీసుకోదని మీకు తెలుసుగా."

"అయితే సిస్టమ్‌నే మార్చండి."

"ఒక్క తలుపు కోసమా?"

"అవును, ఒక్క తలుపు కోసమే!" అని ఆఫీసంతా తిరిగి చూసేలా అరిచాను. ఆయన బిత్తరపోయాడు. అది ఆయన తప్పు కాదని నాకూ తెలుసు. నా కోపాన్ని ఎక్కడో ఒకచోట దింపుకోవాలి కదా. నా బల్ల దగ్గరికి వచ్చి ఆ గడిలో రెండు అంకెలే పడతాయని చూసి, తొంభై తొమ్మిది కొట్టాను. పాప బతికిన పేరా మొత్తం తీసేశాను. మావయ్య రాసిన నాలుగు వాక్యాలూ అలాగే తిరిగి పెట్టాను. ఎడిటర్ చూసి పేజీని ప్రింటుకి పంపేశాడు.

పుస్తకం అచ్చయి వచ్చిన రోజే తీసుకుని మావయ్య ఇంటికి పరిగెత్తాను. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు. కళ్లజోడు పెట్టుకుని ముందు మ్యాపులన్నీ చూశాడు.

"కొలతలు చెడగొట్టలేదు, మంచిది," అన్నాడు. ఆ తర్వాత చివరి గది పేజీ తీశాడు. అత్తయ్య తుడుస్తున్న ప్లేటు చేతిలో పట్టుకునే వచ్చి ఆయన వెనక నిలబడింది.

"పాచిక మీద ఇరవై కంటే ఎక్కువ పడదు," అన్నాడు. "దానికి మనిషి బలం అంకె ఎంత కలిపినా ముప్పై దాటడం కష్టం. తొంభై తొమ్మిది ఎవరికొస్తుంది?"

"ఎవరికీ రాదు మావయ్యా. ఎన్నిసార్లు తోసినా రాదు. అక్కడే నిలబడి తోస్తూ ఉన్నా రాదు."

ఆయన తలూపాడు. ఆ అంకెని వేలితో తడిమాడు. అత్తయ్య చెయ్యి ఆయన కమిలిన భుజం మీద పడింది.

"మంచి నంబరు పెట్టావు," అన్నాడు. పుస్తకం మూసి నాకు ఇచ్చేశాడు. "కానీ మొన్న మనం ఆడినప్పుడు వచ్చింది కదమ్మా."

"వచ్చింది," అన్నాను. ఆయన చేత్తో వేసిన పాచిక అది, రాలేదనడానికి నాకు నోరు రాలేదు.