కథ ముగింపు కోసం వచ్చిన అత్తగారు

మగ్దలేనా నది మీద పొద్దుటి లాంచీ కూత వేసే వేళకి ఒత్తీలియా మొక్కజొన్న రుబ్బి రొట్టెలు కాల్చేసేది. అవి తిని భర్త ఎలియెసెర్ పడవ ఇంజన్లు బాగుచేసే తన షెడ్డుకి వెళ్లిపోయేవాడు. పిల్లలిద్దర్నీ బడికి తోలి, రేవులో బట్టలుతికి, చేపలకి పొలుసు గీకి, పులుసు పొయ్యెక్కించేసరికి ఆమె గౌను చెమటకి వీపుకి అతుక్కుపోయేది. ఇంత పనిలోనూ నోరు మాత్రం ఊరుకునేది కాదు. కథలు చెప్పేది. ఎవరూ అడక్కపోయినా చెప్పేది.

వినేది ఒక్కరే, అత్తగారు దోన్యా పూరా. ఎదురుగా పీట మీద కూర్చుని కర్రపెండలం చెక్కు తీస్తూ, "నీ నోటికున్న చురుకు చేతులకుంటే ఈపాటికి వంటైపోయేది" అని దెప్పేది. దెప్పుతూనే, కథ మధ్యలో ఆగితే కత్తి ఆపి తలెత్తి చూసేది.

ఆ ఏడు వానలకి ముందు చెబుతున్నది ఎస్తెర్ కథ. పెళ్లినాడు తెల్లగౌనుతోనే పడవెక్కి, ఏటికి ఎదురుగా తెడ్డు వేసుకుంటూ వెళ్లిపోయిన పిల్ల ఎస్తెర్. ప్రతి రేవులోనూ "మీ ఆయనేడీ?" అని అడుగుతారు. ఏ రేవులో అడిగినవాళ్లకి ఆ రేవులో కొత్త జవాబు చెబుతుంది. ఒక సాయంత్రం, మనిషన్నవాడు ఉండడానికి వీల్లేని ఒడ్డున ఎస్తెర్‌కి దీపం కనిపించింది. సరిగ్గా అప్పుడే పొయ్యి మీద అన్నం పొంగింది. ఒత్తీలియా లేచి మూత తీసి వెనక్కి తిరిగేసరికి దోన్యా పూరా చేతిలో కత్తి అలాగే ఉండగా తల వాల్చేసింది. ప్రాణం పోయింది.

తొమ్మిది రోజుల ప్రార్థనలూ అయ్యాయి. చుట్టాలు కాఫీలు తాగి ఎవరిళ్లకి వాళ్లు వెళ్లారు. మర్నాడు మిట్టమధ్యాహ్నం, పాతిపెట్టినప్పటి నల్లగౌనుతో, చెప్పులు చేత పట్టుకుని, దోన్యా పూరా పెరటి గుమ్మంలోంచి లోపలికొచ్చింది.

"వచ్చావా అమ్మా," అన్నాడు ఎలియెసెర్ పళ్లెంలోంచి తలెత్తి. "నీ బట్టల పెట్టె తాళంచెవి ఎక్కడ పెట్టావు? ఇల్లంతా వెతికాం."

"మేరీమాత పటం వెనక."

పక్కింటి ఇస్మేనియా గోడ మీంచి తొంగిచూసి, "అక్కడ బాగా చెమ్మగా ఉందా దోన్యా పూరా?" అని పలకరించి, మళ్లీ తన బట్టలు ఆరేసుకోవడంలో పడింది.

దోన్యా పూరా తిన్నగా కోడలి ముందుకొచ్చి నిలబడింది. "దీపం కనిపించింది. తర్వాత?"

"ఇప్పుడెక్కడ చెప్పను అత్తయ్యా, పులుసు అడుగంటుతోంది."

ఆవిడ కోడలి చేతిలోని గరిటె లాక్కుంది. "పులుసు నేను చూస్తాను. నువ్వెళ్లి రాయి."

"రాయడమా?"

"నోటితో చెప్పింది రేపటికి మార్చేస్తావు. గుర్తుపెట్టుకోడం నా వల్ల కాదు, చచ్చినదాన్ని. రాసి చదివి వినిపించు."

వంటింటి పక్కగదిలో పాత వలలు బయట పడేసి, కిటికీ కింద బల్ల వేశారు. ఒత్తీలియా కాగితం ముందు కూర్చుంది. ఒక్క ముక్క రాలేదు. చెవులు మాత్రం ఇంటి చుట్టూ తిరిగొచ్చాయి. పాలు పొంగుతున్నాయేమో, చిన్నవాడు ఏడుస్తున్నాడేమో, వానొస్తే బట్టలెవరు తీస్తారో. అలా వారమంతా కూర్చుని, లేచి, ఒక మధ్యాహ్నం ఏడుస్తూ బయటికొచ్చింది.

"నాకు రాదు అత్తయ్యా."

"ఇవాళ రాలేదు. రేపు కూర్చో," అంది దోన్యా పూరా గరిటె తిప్పుతూ. నాలిక మీద రుచి చచ్చిపోయింది కనక మనవణ్ణి పిలిచి ఉప్పు చూపించుకునేది. పిల్లలు గది తలుపు తోయబోతే అడ్డం నిలబడేది. "మీ అమ్మ ఇంట్లో లేదు. పడవ మీద వెళ్లింది."

ఒకనాడు పొద్దెక్కాక కూర్చున్న ఒత్తీలియా తలెత్తేసరికి కిటికీలో ఎండ లేదు. వానెప్పుడు పడిందో, ఎప్పుడు వెలిసిందో తెలీలేదు. ఎదుట నిండిన కాగితాలున్నాయి. తన దస్తూరీయే. కానీ అందులో ఎస్తెర్ దీపమున్న ఒడ్డున అడుగుపెట్టి, తనకెన్నడూ తట్టని మాటలు మాట్లాడుతోంది. ఇన్నేళ్లూ ఈ పిల్ల తనలో ఎక్కడ కూర్చుందో! చర్చిలో కూడా ఎప్పుడూ అంత నిశ్శబ్దంగా మోకాళ్ల మీద కూర్చోలేదు ఆమె. ఆ రోజు మాత్రం కుర్చీలోంచి జారి నేల మీద మోకాళ్లూని అలాగే ఉండిపోయింది.

ఒత్తీలియా రాసింది చదువుతుంటే దోన్యా పూరా కళ్లు మూసుకుని వినేది. వానలు వచ్చాయి, పోయాయి. కాగితాలు పేరుకున్నాయి. రానురాను ఆవిడ పలచబడింది. పొయ్యి ముందు నిలబడితే ఆవిడలోంచి మంట కనిపించేది.

"ఏమే," అంది ఒకరోజు, "ఈ రేవు మనం ఇదివరకే చూశాం. పేరు మార్చావంతే. సాగదీస్తున్నావు."

ఒత్తీలియా తల దించుకుంది. "కథైపోతే మీరు వెళ్లిపోతారు. పొయ్యి మళ్లీ నా నెత్తినే పడుతుంది."

దోన్యా పూరా గరిటె పక్కన పెట్టింది. "నీ కథలు విన్నదీ నేనే, నిన్ను పొయ్యి ముందు నుంచి కదలనివ్వనిదీ నేనే," అంది. గుమ్మంలోకి వెళ్లి షెడ్డు వైపు కేకేసింది. "ఒరేయ్ ఎలియెసెర్! చేతులు కడుక్కుని రా!"

అతను వచ్చాడు. ఆవిడ కొబ్బరిచిప్ప, అది కోరే కోరాము అతని చేతిలో పెట్టింది.

"అమ్మా, ఊళ్లో నవ్వుతారు!"

"చచ్చినదాన్ని, నేను ఇన్నాళ్లు వండితే ఎవరైనా నవ్వారట్రా?"

నిజమే, ఆవిణ్ణి చూడ్డానికి ఎవరూ రాలేదు. ఎలియెసెర్ వంట చూడ్డానికి మాత్రం ఊరు ఊరంతా వచ్చింది. లాంచీ సరంగులు కిటికీ చువ్వలు పట్టుకుని, "అబ్బాయ్, ఇంజన్‌కి నూనె ఎక్కువైనట్టుంది!" అని అరిచారు. మొదటి రోజు కొబ్బరన్నం మాడింది. మర్నాడు పలుకైంది. అతను చెవులు ఎర్రబడుతున్నా తల వంచుకుని మళ్లీ గిన్నె ఎక్కించాడు. నవ్వి నవ్వి విసుగొచ్చి జనం పనుల్లోకి వెళ్లిపోయారు.

అప్పుడు ఒత్తీలియా ముగింపు రాసింది. ఏరు పుట్టే చోట, ఒక్క అంగలో దాటగలిగినంత సన్నగా ఉన్న నీటి ముందు ఎస్తెర్ నిలబడింది. వెనక్కి చూడకుండా దాటింది. చదవడం అయ్యాక దోన్యా పూరా కళ్లు తెరిచింది. ఆ కళ్లల్లో తడి ఉంది.

"దాటిందన్నమాట," అంది. గౌను దులుపుకుని లేచింది. కోడలి తల మీద చెయ్యి పెట్టింది. ఆ చేతికి బరువే లేదు. పెరటి గుమ్మం దిగి ఏటి వైపు వెళ్లిపోయింది.

ఒత్తీలియా వంటింట్లోకి నడిచింది. ఎలియెసెర్ చేపలు వేయిస్తున్నాడు. "ఇంకా కాలేదు. నువ్వెందుకు లేచావు?" అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

ఆ మర్నాడు ఇస్మేనియా గుమ్మంలోకొచ్చి, కొంగులేని గౌను అంచునే నలుపుతూ నిలబడింది.

"మా అత్త పోయి ఆరేళ్లైంది వదినా. ఏం చేస్తే వస్తుంది?"

"ఆవిడకేదైనా కథ చెప్పి సగంలో ఆపావా?"

"లేదు. ఎవరికీ ఏదీ చెప్పలేదు." ఇస్మేనియా కాగితాలున్న గది వైపు చూసింది. "చాలా ఉన్నాయి గానీ."

ఒత్తీలియా ఆమె చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్లింది. కుర్చీలో కూర్చోబెట్టి, రాయని కాగితాలు ముందుకు జరిపింది. వంటింటి వైపు తిరిగి, "ఎలియెసెర్, ఇస్మేనియా పిల్లలు కూడా ఇక్కడే తింటారు!" అని కేకేసింది.

వంటింట్లో గిన్నెలు గట్టిగా చప్పుడయ్యాయి. ఏదో గొణిగాడు. తర్వాత బియ్యం డబ్బా మూత తీసిన శబ్దం వినిపించింది. ఒత్తీలియా గదిలోంచి బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసి, దానికి వీపానించి కూర్చుంది.