లోపలి వల

మిట్టమధ్యాహ్నం. ఇసుక కాళ్లు కాలుస్తుంటే గురవమ్మ వల సంచిలోకి నడుము దాకా దూరి కూర్చుంది. పైవల కన్నులో బొటనవేలు పడుతుంది. దానికి లోపల కుట్టిన వలలోంచి కందిగింజ కూడా జారదు. సన్నకన్ను వలలు వాడకూడదని రేపు పొద్దున మత్స్యశాఖ తనిఖీవాళ్లు వస్తారు, స్కేలు పెట్టి పైవల కొలుస్తారు, అంతా సవ్యంగా ఉందని రాసుకుని పోతారు. ఎంత చక్కటి తనిఖీ!

ముడి పైకి కనబడకుండా లోపలి వల కుట్టడం ఆ రేవులో గురవమ్మ ఒక్కదానికే వచ్చు. తండ్రి నేర్పిన పని. అందుకే ఆమె మొగుడు దానయ్యకు అంకమ్మరావు పడవలో చోటు దొరికింది. నిన్న టేకుచేప తోకముల్లు తగిలి లోపలి వల బారెడు చిరిగింది. సాయంత్రంలోగా కుట్టెయ్యాలి.

మడతల్లో ఇరుక్కున్న కవళ్ల చేపలు చేతికి తగిలాయి. చిటికెనవేలంత ఉన్నాయి. ఒకదాని పొట్ట గోటితో చీల్చింది. గుడ్డు లేదు. ఇంకొకటి చీల్చింది, మరొకటి చీల్చింది. ఒక్కదానికీ గుడ్డు పట్టలేదు. జానెడు ఎదగనిస్తే గదా అవి గుడ్లు పెట్టేది!

ఒకప్పుడు చీరాల అవతల మిరపకోతల కూలీలు పొయ్యి వెలిగించుకుని ఆమె చేపల బుట్ట కోసం కాచుకునేవాళ్లు. ఇప్పుడీ పిల్లచేపల్ని ఎవరు వండుకుంటారు? పారలతో లారీకెత్తి రొయ్యల మేత మిల్లుకు తోలుతున్నారు. ఆడవాళ్ల బుట్టలు చూరు కింద బోర్లా పడున్నాయి. తన బుట్టను ఖాళీ చేసింది తన చేతులే. ఆ సంగతి తలకెక్కేసరికి గురవమ్మకు ఒళ్లు మండిపోయింది. బయటికొచ్చి సూది ఇసుకలో గుచ్చింది.

“ఏందమ్మాయ్, అయిందా?” పందిరి కింద నుంచి అంకమ్మరావు అడిగాడు.

“లేదన్నా. నేను కుట్టను.”

“ఏందీ?”

“కుట్టనన్నా. గుడ్డు పట్టకముందే అన్నిట్నీ ఊడ్చేస్తన్నాం. ఇంక మనకేం మిగులుద్ది?”

“మనం వదిలేస్తే పక్క రేవోళ్లు వదుల్తారా? సరే, నీ మొగుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టుకో. రేపట్నుంచి పడవెక్కొద్దను.”

దానయ్య పరుగున వచ్చాడు. “నీకేమన్నా మతిపోయిందా? కుట్టవే తల్లీ, దణ్ణం పెడతా. పడవ పోతే ఏం తింటాం?”

“నా వల్ల కాదు మావా.” ఇసుకలో గుచ్చిన సూదిని చూపించింది. “చేతులు రావట్లా.”

దానయ్య ఆమె వంక చూశాడు, అంకమ్మరావు వంక చూశాడు. సూది పీక్కుని తనే సంచిలోకి దూరాడు.

అతను వేసిన ప్రతి ముడీ పైవల కన్నుల్లోంచి బయటికి పొడుచుకొచ్చింది. ఆకుపచ్చ వల మీద ఎర్ర దారం. రేపు వచ్చేవాళ్లకు స్కేలుతో కూడా పనుండదు.

“ఇట్టాగేనా? కాస్త చూసి చెప్పు,” అన్నాడు దానయ్య లోపలినుంచి.

గురవమ్మ కళ్లు తుడుచుకుని ముడుల వంక చూసింది. అంకమ్మరావు అటు తిరిగి మిల్లువాడితో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

“అట్టాగే కుట్టు మావా,” అంది.