రెండో పేజీకి జారిన లైను

నా ఉద్యోగం గురించి మా ఇంట్లో అందరికీ అభిప్రాయాలున్నాయి. లేనిదల్లా ఉద్యోగమే.

ల్యాబుల్లో వాడే గాజుసామాను అమ్మే కంపెనీలో స్టాకు చూసుకునే మనిషి కావాలని తెలిసింది. పెళ్ళయిన కొత్తలో మందుల గోడౌన్‌లో నేను చేసింది అదే పని. పసితనంలో అమ్మాయికి ఆయాసం పట్టుకున్నప్పుడు మానేశాను. రేపో మాపో వెళ్దామనుకుంటూ ఉండగానే పద్నాలుగేళ్ళు అయిపోయాయి. ఈసారి కూడా వెళ్ళకపోతే ఇక ఆ ఊసు నేనే ఎత్తనని నాకు తెలుసు.

ఆదివారం పొద్దున్న భోజనాల బల్ల మీద కంప్యూటర్ పెట్టి అందరూ చుట్టూ చేరారు.

"ఒక్క పేజీ చాలమ్మా. రెజ్యూమె అంతకంటే పెద్దగా ఉంటే ఎవరూ చదవరు," అంది అమ్మాయి.

"ఒక్క పేజీనా! ఫ్యాను కొంటే ఇచ్చే గ్యారంటీ కాగితమే నాలుగు పేజీలుంటుంది. మీ అమ్మ ఫ్యాను పాటి చెయ్యదా?" అన్నారు మా ఆయన. ఆయన పనిచేసేది బీమా ఆఫీసులో. చేతికి బరువు తగలని కాగితాన్ని నమ్మరు.

"మరి ఈ పద్నాలుగేళ్ళూ ఏం రాయాలి?" అని అడిగాను.

"ఇంటి పని చేసిందని రాయండి," అన్నారు అత్తగారు.

"అలా రాస్తే ఏ పనీ చెయ్యలేదనుకుంటారు నానమ్మా."

"చేసిందిగా! నేను చూళ్ళేదూ?"

అత్తగారు నాకు సర్టిఫికెట్ ఇవ్వడం అదే మొదటిసారి. జతచేసి పంపే వీలు లేకపోయింది.

చివరికి మా ఆయనకే ఉపాయం తట్టింది. గోడౌన్ ఉద్యోగంతో మొదటి పేజీ ముగించాలి. ఈ మధ్య నేర్చుకున్న కంప్యూటర్ కోర్సుతో రెండో పేజీ మొదలుపెట్టాలి. ఖాళీ ఏళ్ళన్నీ రెండు పేజీల మధ్య సందులో పడిపోతాయి. అలా పడేదాకా మార్జిన్లు జరిపీ, అక్షరాలు పెంచీ తంటాలు పడ్డారు.

సాయంత్రం మరిది వచ్చాడు. అతనికి విజిటింగ్ కార్డులు అచ్చువేసే షాపుంది. "మరీ ఇంత బోసిగానా వదినా?" అంటూ మొదటి పేజీ చుట్టూ పూలతీగ బార్డరు వేసి, నా ఫోటోని గుండ్రంగా కత్తిరించి పైన పెట్టాడు.

"ఇది ఉద్యోగానికా, పెళ్ళిసంబంధానికా?" అన్నారు అత్తగారు.

"బాబాయ్, ఆ బార్డరుకి చోటు చాలక కింది లైను రెండో పేజీకి జారిపోయింది," అంది అమ్మాయి. ఆ జారిన లైను, నేను గోడౌన్ ఉద్యోగం ఎప్పుడు మానేశానో చెప్పేది.

"మొదటి పేజీ చదివినవాడు రెండోది చదవడా?" అంటూ మా ఆయన మెయిల్ పంపేశారు.

శుక్రవారం పిలిచారు. అట్టపెట్టెల మధ్య ఒక బల్ల, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని మేనేజరు. ఆయన చేతిలో నా పూలతీగ కాగితం ఒక్కటే ఉంది.

"చేరిందగ్గర్నుంచీ ఒక్కచోటే! ఈ రోజుల్లో ఎవరున్నారమ్మా ఇలా? ఇంతకీ ఆ గోడౌన్ వాళ్ళకి ఎన్నాళ్ళ నోటీసు ఇవ్వాలి?"

ఒక నెల అనేస్తే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ గోడౌన్‌లో అన్నేళ్ళు పనిచేసిన ఆవిడెవరో నాకు తెలియదు. నేను ఇంట్లో ఉన్నాను.

"అక్కడ మానేసి పద్నాలుగేళ్ళయిందండి. రెండో పేజీలో ఉంది."

"రెండో పేజీ కూడా ఉందా? కాగితం దండగని మేం మొదటిదే ప్రింటు తీస్తాం." కళ్ళద్దాలు దించి బార్డరు చూశారు. "ఈ పువ్వులు లేకపోతే ఇందులోనే పట్టేదిగా?"

ఇక ఈ ఉద్యోగం రాదనుకుని సంచీ సర్దుకున్నాను.

"అంటే ఇప్పుడు మీరు ఎక్కడా చెయ్యట్లేదు?"

"లేదండి."

"ఎవరికీ నోటీసు ఇవ్వక్కర్లేదు?"

"అక్కర్లేదండి."

"ముందే చెప్పరేమమ్మా! వచ్చినవాళ్ళందరూ రెండేసి నెలలు ఆగమంటున్నారు. నాకు సోమవారం లోడు దిగుతోంది. వచ్చెయ్యండి."

ఇంటికొచ్చి ఉద్యోగం వచ్చిందని చెప్పగానే, "చూశావా, రెండు పేజీలు!" అన్నారు మా ఆయన. మరిదికి ఫోన్ చేస్తే, "బార్డరు వదినా, బార్డరు," అన్నాడు.

"ఎప్పట్నుంచి?" అని అడిగారు అత్తగారు.

"సోమవారం నుంచి."

"సోమవారమా? అదేంటి, ఉన్నట్టుండి ఇలా చెప్తే ఎలా?" అన్నారు మా ఆయన. "కనీసం ఒక నెల ముందైనా చెప్పాలా వద్దా? ఇక్కడివన్నీ ఎవరికి అప్పజెప్పి వెళ్తావు?"

"మీకే," అన్నాను. "కుక్కర్ గాస్కెట్ పై అరలో ఉంది. రండి, చూపిస్తాను."