లోపలి వాడి మాట

మా అన్నయ్యను కారు డిక్కీలో కూర్చోబెట్టి, తలుపు వేసి, పైనుంచి నీళ్ళు పోశాను. ఎవరేమనుకున్నా సరే, ఇరవై మూడేళ్ళలో అంత తృప్తిగా చేసిన పని ఇంకొకటి లేదు. ఆ తృప్తి ఎంతసేపు నిలిచిందన్నది తర్వాత సంగతి. ముందు కారు గురించి చెప్పాలి.

కారు అన్నయ్య కూతురిది. పదిహేనేళ్ళ నాటి చిన్న హ్యాచ్‌బ్యాక్, మూడో చేతికి వచ్చింది. ఆ పిల్ల రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి మంచాన పడ్డవాళ్ళ దగ్గర రక్తం తీసుకుని, సీసాలు పెట్టెలో సర్ది, ఆ పెట్టెనూ దాని తాలూకు కాగితాలనూ డిక్కీలో పెట్టుకుని ల్యాబుకు చేరుస్తుంది. వాన పడ్డ రోజల్లా డిక్కీలో నీళ్ళు. కింద స్టెప్నీ పెట్టే గుంట నిండి, పైన పరిచిన అట్ట నాని, కారంతా తడి గోనెసంచి వాసన.

ఒకరోజు నా షెడ్డు ముందు కారు ఆపి దిగింది. నా షెడ్డు టైర్ల కొట్టు వెనక ఉంటుంది. ఒక కారు పడుతుంది, రెండోది వస్తే రోడ్డు మీద నిలబడాల్సిందే. అందులోనూ సగం మా ఆవిడది, సీటు కవర్లు కుడుతుంది. నాకు వచ్చింది ఒకటే పని, పాత కార్లలోకి నీళ్ళు ఎక్కడినుంచి దూరుతున్నాయో పట్టుకుని ఆపడం. అందుకే ఈ చుట్టుపక్కల నన్నంతా చెమ్మగారు అంటారు. అన్నయ్యది మాత్రం పెద్ద గ్యారేజీ. ఎనిమిది కార్లు పడతాయి, అద్దాల గది ఉంది, అందులో తిరిగే కుర్చీ ఉంది. అది మా నాన్న పెట్టిన గ్యారేజీ.

"బాబాయ్, నేనిక్కడికి వచ్చినట్టు నాన్నకి తెలీదు," అంది ముందే.

"తెలిస్తే ఏమవుతుందిలే. కూర్చో."

"నిన్న కాగితాలు తడిసి ఇద్దరి పేర్లు అలుక్కుపోయాయి. ఎవరి రక్తం ఎవరిదో తెలియక ఇద్దరి దగ్గరా మళ్ళీ తీయాల్సొచ్చింది. అందులో ఒకావిడకి ఎనభై ఏళ్ళు, సూది గుచ్చుదామంటే నరం దొరకదు. ఇంకొక్కసారి ఇలా జరిగితే ఇక రావద్దన్నారు."

"మీ నాన్న గ్యారేజీలో చూపించలేదా?"

"నాలుగుసార్లు. మూడుసార్లు టెయిల్ లైటు వెనక రబ్బరు మార్చారు. ఒకసారి డిక్కీ తలుపు రబ్బరు. చివరికి నాన్న, పాత కారన్నాక చెమ్మ రాకుండా ఉంటుందా, గుడ్డ పెట్టుకో అన్నారు."

టెయిల్ లైటు అన్న మాట చెవిన పడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకో చెప్పాలంటే వెనక్కి వెళ్ళాలి.

మా పనికి ఇద్దరు కావాలి. ఒకడు టార్చి పట్టుకుని డిక్కీలో ముడుచుకుంటాడు. తలుపు వేస్తారు. రెండోవాడు బయట గొట్టం పట్టుకుని కిందినుంచి పైకి, ఒక్కొక్క చోటా నీళ్ళు పడతాడు. చుక్క ఎక్కడ పుట్టిందో చూసేది లోపలి వాడొక్కడే. బయటివాడికి ఏమీ కనబడదు. అందుకని నాన్న ఒక కట్టుబాటు పెట్టాడు, లోపలి వాడు ఏ చోటు చెబితే ఆ చోటే విప్పాలి, దాని మీద ఎవరూ నోరెత్తకూడదు. నేను సన్నగా ఉండేవాణ్ణి కాబట్టి లోపలి వాణ్ణి నేనే. గొట్టం అన్నయ్యది.

ఇరవై మూడేళ్ళ క్రితం ఒక డాక్టరమ్మ కారు వచ్చింది, ఇలాంటి చిన్న కారే. లోపల కూర్చుని చూశాను. నీళ్ళు కారేది టెయిల్ లైటు దగ్గరే, కానీ పుట్టేది అక్కడ కాదు. ఇలాంటి కార్లకు పైకప్పు రేకూ పక్క రేకూ కలిసే చోట అతుకు ఉంటుంది, దాని మీద బీడింగు, అంటే నల్ల రబ్బరు పట్టీ, కప్పుతారు. ఆ అతుకులో నీళ్ళు దూరకుండా పూసిన సీలెంటు ఎండకు పగులుతుంది. నీళ్ళు అక్కడ దూరి, వెనక అద్దం పక్కనుండే స్తంభం లోపలినుంచి జారి, టెయిల్ లైటు దగ్గర బయటపడతాయి. పై అతుకు అని నేను గట్టిగానే చెప్పాను. అతుకు పని అంటే రెండు రోజులు. అన్నయ్య సాయంత్రానికి ఇస్తానని మాటిచ్చేశాడు. టెయిల్ లైటు రబ్బరు మార్చి కారు పంపించేశాడు.

మొదటి వానకే గుంట నిండి వైర్లు తడిసి, ఆ కారు వెనక దీపాలు ఆరిపోయాయి. చీకట్లో వెనకనుంచి ఎవరో గుద్దారు. డాక్టరమ్మ కుడి చెయ్యి విరిగింది. మర్నాడు పనివాళ్ళందరి ముందూ నాన్న అడిగాడు. అన్నయ్య నేల చూపులు చూస్తూ, "తమ్ముడు లోపలుండి టెయిల్ లైటే అన్నాడు నాన్నా. లోపలి వాడి మాటే కదా మనకు ఆధారం," అన్నాడు. నాన్న నా చేతిలో టార్చి తీసుకుని బల్ల మీద పెట్టాడు. "నీ మాట మీద ఈ కొట్టులో ఇక ఎవరూ పని చేయరు," అన్నాడు. నేను చెప్పబోతే వినలేదు. ఆ సాయంత్రమే బయటికి వచ్చేశాను. నాన్న పోయి ఆరేళ్ళయింది. నేను అబద్ధాలకోరుననే నమ్మకంతోనే పోయాడు. నాకు కావలసింది గ్యారేజీ కాదు, తిరిగే కుర్చీ కాదు. ఆ మాట నేననలేదని అన్నయ్య నోటితో, ఆ ఇంటివాళ్ళు వింటుండగా చెప్పాలి. అంతే.

అందుకని ఆ పిల్ల కారును నా షెడ్డులో వదిలి పనికి వెళ్ళగానే చకచకా చూశాను. డిక్కీలో పక్క అట్టలు ఊడదీసి, ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, ఒక చెంబు నీళ్ళు పైకప్పు అంచున వదిలాను. పౌడరులో పైనుంచి కిందికి చార పడింది. చెంబుడు నీళ్ళతో తేలిన పని. బీడింగు లేపి చూస్తే అతుకు ఎండిన చెరువులా బీటలు వారి ఉంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ దొంగను నేను ముప్పై ఏళ్ళుగా పడుతున్నాను.

అప్పుడే సీలెంటు వేస్తే అయిపోయేది. వేయలేదు. స్క్రూడ్రైవరు తీసుకుని ఆ బీటలను ఇంకాస్త పెద్దవి చేసి, మీద బీడింగు తిరిగి అదిమాను.

మా ఆవిడ మిషను ఆపి చూస్తోంది. "ఏం చేస్తున్నారు మీరు?"

"పని."

"అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ఆ పిల్ల కారు మీద ఎందుకండీ?"

"కారు మీద కాదులే. దుత్తలో అత్తనే కూర్చోబెడతాను చూడు," అన్నాను. ఆవిడ నవ్వలేదు.

సాయంత్రం పిల్ల రాగానే చెప్పాను. "ఇది పట్టుకోవాలంటే లోపల కూర్చోడానికి పని తెలిసిన మనిషి కావాలమ్మా. నీకు తెలీదు, మీ పిన్నికి తెలీదు. మీ నాన్నను పిలువు. ఆయన కూర్చుంటే చేస్తాను, లేకపోతే నావల్ల కాదు."

ఆ పిల్ల ఫోనులో ఏం చెప్పి ఒప్పించిందో గానీ, ఆదివారం పొద్దున్నే దిగాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు, ముందు పొట్ట, వెనక ఆయన. షెడ్డంతా ఒకసారి కలయజూసి, "ఇంతేనా," అన్నాడు.

"ఇంతే అన్నయ్యా. లోపల ఇంకా ఇరుకు," అని డిక్కీ చూపించాను.

కూతురి ముఖం చూసి ఎక్కాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకున్నాడు. వెనక సీటు వంచి ఉంచితే ముందువైపు పాకి బయటపడొచ్చు. నేను సీటు నిలబెట్టి బిగించాను. అలా బిగించాల్సిన పని లేదు, అది ఆయనకూ తెలుసు. టార్చి చేతికిచ్చి తలుపు మూశాను. ఆ తలుపు లోపలినుంచి తెరుచుకోదు. కుడితిలో పడ్డ ఎలుక అంటే ఏమిటో వెనక అద్దంలోంచి చూశాను, నాకు హాయిగా ఉంది.

ముందు టెయిల్ లైటు మీద నీళ్ళు పట్టాను. "వస్తోందా అన్నయ్యా?"

"లేదు."

"సరిగ్గా చూడు. మూడుసార్లు మార్చిన రబ్బరు కదా."

"లేదంటున్నానుగా."

గొట్టం పైకప్పు అంచుకు తెచ్చాను. నేను తవ్వి పెట్టిన అతుకులోంచి చుక్క కాదు, ధార దిగింది. సరిగ్గా ఆయన మెడ మీదికి. లోపల టార్చి వెలుగు అటూ ఇటూ ఊగింది.

"ఎక్కడినుంచి వస్తోంది?"

"టెయిల్ లైటు దగ్గర కారుతోంది."

"కారేది అడగలేదు, పుట్టేది అడిగాను."

నేను గొట్టం తీయలేదు. ఇస్త్రీ చొక్కా వీపుకు అతుక్కుపోవడం అద్దంలోంచి కనబడుతోంది.

"బాబాయ్, నాన్న తడిసిపోతున్నారు," అంది పిల్ల.

"లోపలి వాడు తడవాలమ్మా, అదే పని. నేను పదేళ్ళు తడిశాను. ఊఁ, చెప్పన్నయ్యా."

"పై అతుకు," అన్నాడు.

"వినబడలేదు."

"పై అతుకురా. పై అతుకు."

"మరి ఆ డాక్టరమ్మ కారులో? నేనేమన్నాను?"

పిల్ల నా ముఖం వంకా అద్దం వంకా చూస్తోంది. మా ఆవిడ మిషను దగ్గరనుంచి లేచి వచ్చింది. ఇంతమంది వింటుండగా లోపలినుంచి మాట వచ్చింది, డబ్బాలోంచి వచ్చినట్టు.

"నువ్వు పై అతుకే అన్నావు. టెయిల్ లైటు అన్నది నేను."

ఆ మాట కోసం ఎన్ని రాత్రులు పళ్ళు నూరానో. నా కడుపు చల్లబడింది. అక్కడితో ట్యాపు కట్టేసి ఉంటే బాగుండేది. కానీ నాకు ఇంకా కావాలి అనిపించింది. "ఆ మాట నాన్న బతికుండగా చెప్పలేకపోయావా? కొడుకు అబద్ధాలకోరని నమ్మి పోయాడు కదరా ఆయన," అన్నాను. అన్నయ్యను 'రా' అనడం జీవితంలో అదే మొదటిసారి.

"నాన్నకు తెలుసు," అన్నాడు.

"ఎప్పుడు చెప్పావు?"

"నేను చెప్పలేదు. ఆ కారు వెనక్కి తెచ్చిన పొద్దున్నే బీడింగు లేపి ఆయనే చూసుకున్నాడు. అప్పటికింకా నువ్వు రాలేదు. నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. డాక్టరమ్మ వాళ్ళాయన తప్పు చేసినవాడి పేరు చెప్పమంటున్నాడు, ఎవరిదో ఒకరిది చెప్పాలి అన్నాడు. నీకు పెళ్ళయింది, మీ ఆవిడ కడుపుతో ఉంది, తమ్ముడు ఒంటివాడు, ఎక్కడైనా బతుకుతాడు, నేను అందరి ముందూ అడుగుతాను, నువ్వు వాడి పేరు చెప్పు అన్నాడు. చెప్పాను."

అబద్ధం అనబోయాను. మా నాన్న కారు తలుపు తీసి వాసన చూసి, నీళ్ళు ముందునుంచి వచ్చాయో వెనకనుంచి వచ్చాయో చెప్పే మనిషి. ఈ పనిలో నాకు తెలిసిందంతా ఆయన చూపించిందే. అలాంటివాడు సొట్టపడ్డ కారు తెచ్చి కొట్టు ముందు పెడితే బీడింగు లేపకుండా ఉంటాడా? టెయిల్ లైటు అంటే నమ్ముతాడా? ఇరవై మూడేళ్ళు చుక్క ఎక్కడ కారిందో చూస్తూ కూర్చున్నాను గానీ, ఎక్కడ పుట్టిందో చూడలేదు. ఊళ్ళో కార్లన్నిటికీ చూసిపెట్టేవాణ్ణి నేనే.

గొట్టం నా చేతిలోనే ఉంది. నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఆ పిల్ల వెళ్ళి ట్యాపు కట్టేసి, డిక్కీ తెరిచి, వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని దింపింది. ఆయన వణుకుతున్నాడు. మా ఆవిడ తువ్వాలు ఇచ్చింది. ఆ పిల్ల తండ్రి తల తుడుస్తూ, "కడుపులో ఉన్నది నేనేగా," అంది. ఎవరినీ అడిగినట్టు లేదు. ఇద్దరూ ఆటో పిలుచుకుని వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు అన్నయ్య నా భుజం మీద చెయ్యి వేయబోయి మానుకున్నాడు.

కారు పని పూర్తి చేశాను. రెండు వైపులా బీడింగు ఊడదీసి, పాత సీలెంటు గీకి, థిన్నరుతో తుడిచి, తుప్పుకు మందు వేసి, కొత్త సీలెంటు వేలితో సాఫు చేసి, ఒక రోజంతా ఆరనిచ్చాను. పరీక్షకు మా ఆవిడే లోపల కూర్చుంది. అరగంట నీళ్ళు పట్టినా ఒక్క చుక్క లేదంది. బుధవారం పిల్ల వచ్చి తాళాలు తీసుకుంది. పెట్టె డిక్కీలో పెట్టి, కాగితాలు మాత్రం పక్క సీటు మీద పెట్టుకుంది.

"నాన్నకు జ్వరం తగ్గింది," అంది. "నీకింకా కోపం ఉందా బాబాయ్?"

లేదన్నాను. అబద్ధం. అన్నయ్య మీద కోపం నాకు బాగా చేతనైన విషయం, పొద్దున లేస్తే అదే, దాంతోనే ఇల్లు కట్టుకున్నాను, ఈ షెడ్డు పెట్టుకున్నాను. అదిప్పుడు చేతిలోంచి పోయింది. నాన్న మీద కోపం తెచ్చుకోవాలి. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, లేని మనిషి మీద అదెలా మొదలుపెట్టాలో తెలియక, టార్చి పట్టుకుని ఇంకొకరి కారు డిక్కీలో కూర్చుని ఉన్నాను.