ఆంజి కుడిచేయి

పక్కగది ఎలీసమ్మ కూతురు కేథరిన్ కాళ్ళూ చేతులూ ఆడిస్తుంటే మునిలక్ష్మికి కడుపులో మంట రేగేది. ఇద్దరు పిల్లలూ ఒకే వారంలో పుట్టారు. తన ఆంజికి రెండు నెలలు నిండినా కుడిచేయి లేవదు. ముట్టుకుంటే చాలు, గుక్కపట్టి ఏడుస్తాడు.

అరబ్బు దేశంలో, బ్నీద్ అల్ గార్ పేటలోని ఆ వరుస గదుల్లో పసిబిడ్డలను కాళ్ళమీద వేసుకుని, నూనె రాసి, చేతులు సాగదీసి నీళ్ళు పోసేది ఎలీసమ్మే. కోనసీమ మనిషి, ఆసుపత్రిలో నర్సు.

"నీళ్ళు పోసేటప్పుడు నువ్వే లాగినావక్కా," అంది మునిలక్ష్మి ఒకరోజు. "నీ బిడ్డనైతే అట్ల లాగుతావా?"

"అంత గట్టిగా ఎప్పుడు లాగానమ్మాయ్? రేపు ఆసుపత్రికి రా, ఎక్స్‌రే తీయిద్దాం."

ఇరాక్ సైన్యం ఊళ్ళోకి దిగి ఇరవై రోజులైంది. మునిలక్ష్మి మొగుడు, డ్రైవరు పెంచల్, ఇంటిదారి పట్టించే అమ్మాన్ బస్సులో అప్పటికే ముగ్గురి పేర్లూ రాయించాడు.

"ఎక్స్‌రే ఎందుకు మే? శుక్రవారం బస్సు ఎక్కుదాం. ఊరికి పోతానే పుత్తూరు కట్టు ఏపిస్తే సరి," అన్నాడు భార్యతో.

బిడ్డ దారిలోనే పోతాడేమోనని భయపడి, మునిలక్ష్మి ఎలీసమ్మ వెంట నడిచింది.

డాక్టరు మాటలు ఎలీసమ్మ తెలుగులో చెప్పింది. "చేయి విరగలేదంట. ఎముక కొస పురుగు కొరికినట్టుందంట. రెండు మోకాళ్ళ దగ్గరా అలాగే ఉంది. లాగితే కాళ్ళకెందుకొస్తది? మీ ముగ్గురి రక్తం చూడాలంటున్నారు."

రక్తంలో సిఫిలిస్ తేలింది. మొగుడి నుంచి ఆమెకు, ఆమె కడుపులోంచి బిడ్డ ఎముకలకు.

"ఎవతె అది?" అనడిగింది పెంచల్‌ను.

"బొంబాయిలో వీసాకు కూచున్యప్పుడు... పేరు గూడ తెలీదు."

ఇన్నాళ్ళూ ఎలీసమ్మను చూసి కుళ్ళిన మనసు, ముఖమైనా తెలియని ఆ ఆడదాని మీదికి మళ్ళింది.

"పద, బస్సు తప్పిపోతాది," అన్నాడు పెంచల్ శుక్రవారం.

"బిడ్డకు పది దినాల సూదులు పడాల. నీకూ నాకూ పడాల. నువ్వు పోతే పో."

అతను పోలేదు. బస్సు వెళ్ళిపోయింది.

రోజూ సైనికుల తుపాకుల ముందు నుంచే పెన్సిలిన్ సూదులకు వెళ్ళొచ్చారు. ఎనిమిదో రోజు సూది తీసి ఎలీసమ్మ వంగగానే, ఆంజి కుడిచేయి లేచి ఆమె కొంగు పట్టుకుంది.

మునిలక్ష్మి ముఖం ముడుచుకుంది. "నా కాడ ఒక్కనాడూ లేపలేదే వీడు."

"పొడిచేది నేను కదమ్మా, కొడతాకి లేపాడు."

మునిలక్ష్మికి నవ్వు రాలేదు. కొంగు విడిపించి, బిడ్డను తీసుకుని, ఆ చిన్న చేతిని తన మెడమీద వేసుకుంది.