గూడ్స్ యార్డుకు చోటు

అక్క పోయాక కూడా అతను ప్రతి ఆదివారం బావ ఇంటికి వెళ్తూనే ఉన్నాడు. అతను పార్సిల్ గోడౌన్‌లో సూపర్‌వైజరు, బావ ఎలక్ట్రీషియన్. ఇద్దరూ మితభాషులు. అక్క ఉన్నన్నాళ్ళూ ఇద్దరి తరఫునా ఆవిడే మాట్లాడేది. ఇప్పుడు వాళ్ళ మధ్య మిగిలింది ఒక బొమ్మ రైలు.

అక్క మంచం పట్టినప్పుడు కాలక్షేపంగా ఉంటుందని ఆవిడ గదిలోనే కిటికీ పక్కన బల్ల వేసి, దాని మీద పట్టాలు బిగించారు. రైలు గుండ్రంగా తిరిగేది. కాసేపు చూసి అక్క పెదవి విరిచింది.

"ఎంతసేపూ గానుగెద్దులా తిరగడమేనా? దీనికి పనీ పాటా లేదూ? సరుకు ఎక్కించదు, దించదు. సెలవు రోజున మీ ఇద్దరిలాగే ఉంది."

అప్పుడే గూడ్స్ యార్డు కడదామనుకున్నారు. కాగితం మీద గీతలు పూర్తికాకుండానే ఆవిడ వెళ్ళిపోయింది. పరామర్శకొచ్చిన వాళ్ళందరూ వెళ్ళాక బావ ఆ కాగితం తీసి, "నాలుగు లైన్లు పడతాయంటావా?" అన్నాడు. అలా మళ్ళీ మొదలైంది.

నాలుగు పట్టలేదు. లైను చీలే ప్రతిచోటా ఒక పాయింటు పెట్టాలి. ఆ పాయింట్లే సగం బల్ల మింగేశాయి. మూడుకు దిగారు. తీరా చూస్తే ఇంకో చిక్కు: వ్యాగన్లను ఒక లైనులోంచి లాగి ఇంకోదాంట్లోకి నెట్టాలంటే ఇంజను అటూ ఇటూ మసలడానికి విడిగా ఒక షంటింగ్ లైను ఉండాలి. లేకపోతే రైలు తిరిగే అసలు లైనుకే అడ్డం. అట్టను వ్యాగన్లంత ముక్కలుగా కత్తిరించి, బల్ల మీద పేర్చి, జరిపి, గంటల తరబడి వాదించుకునేవారు. అక్క ఊసు మాత్రం ఎత్తేవారు కాదు. ఆవిడ మంచం ఉన్నచోట కుర్చీలు వేసుకుని కూర్చునేవారు, అంతే.

ఒక ఆదివారం అతనికి ఉపాయం తట్టింది.

"బావా, బల్లకి ఇంకో చెక్క తగిలించి అలమర దాకా తెద్దాం. షంటింగ్ లైను అటు పోతుంది. గదంతా మనదేగా!"

బావ స్క్రూడ్రైవరును బల్ల మీద పెట్టాడు.

"గది కావాల్సొస్తుందిరా."

"ఎవరికి?"

"నేను పెళ్ళి చేసుకుంటున్నా. వైరింగ్ పనికెళ్ళిన స్కూల్లో టీచరు. భర్త లేడు. చదువుకునే కూతురుంది. ఆ పిల్లకి ఈ గది..."

గోడౌన్‌లో అంతమంది చేత పని చేయించే మనిషి కోపం తెచ్చుకుందామని చూశాడు. రాలేదు.

"మంచిపని చేస్తున్నావు బావా."

"తిట్టరా. తిడితే కాస్త తేలికవుతుంది."

"ఎందుకు తిడతాను?"

"తాళం తీసి లోపలికి రావాలంటే భయమేస్తోందిరా. వారమంతా నీకోసం ఎదురుచూస్తా. కానీ వారానికి ఒక్క రోజు మనిషి నాకు చాలడం లేదు."

అతనికి మాత్రం ఆ ఒక్క రోజే చాలేది.

బల్ల తీసేసేలోపు యార్డు వేసి చూద్దామన్నాడు బావ. ఉన్న చోటులోనే రెండు లైన్లు వేశారు. అసలు లైను మీదే షంటింగ్. ఇంజను వ్యాగన్లను లాగింది, వెనక్కి నెట్టింది, ఒక్కొక్కదాన్నీ దాని లైనులో వదిలి వచ్చింది.

"బాగుంది," అని బావ బల్ల అంచు పట్టుకుని కూలబడిపోయాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అతను బావ భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"నువ్వు పట్టుకెళ్ళరా ఇదంతా," అన్నాడు బావ ముఖం తుడుచుకుని.

"నా గదిలో మంచం ఒక్కటి వేసినందుకే తలుపు సగం వరకే తెరుచుకుంటోంది బావా."

పట్టాలు ఊడదీసి పెట్టెలో సర్దారు. బావ దాన్ని అటక మీదికి తోశాడు.

పెళ్ళయ్యాక ఒకసారి వెళ్ళాడు. టీచరు ఎదురొచ్చింది.

"రా తమ్ముడూ. ఇదెప్పటికీ మీ అక్క ఇల్లే."

మనసారా అన్న మాటే. అతను చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. అక్క గది మూసిన తలుపు వెనక నుంచి పిల్ల పాఠం వల్లె వేస్తున్న గొంతు వినిపిస్తోంది. బావ ఏదేదో చెప్పి నవ్వించాడు, తనూ నవ్వాడు. బావకు ఇన్ని మాటలొచ్చని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు. టీ తాగి లేచాడు.

"మళ్ళీ ఎప్పుడొస్తావురా?"

"వస్తాలే బావా."

ఆ పై ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, చెప్పులు కూడా వేసుకున్నాక, ఎక్కడికి వెళ్ళాలో తోచక మంచం మీద కూర్చున్నాడు.