అమ్మ నడుం

గ్రైండర్‌లోంచి రాయి ఎత్తబోయి కృపాజ్యోతి వంగినది వంగినట్టే ఆగిపోయింది. నడుంలో ఏదో కలుక్కుమంది. సోఫాలో కూర్చున్న భర్త క్రాంతికుమార్ ఫోన్లోంచి తలెత్తకుండానే, "నీకిది రోజూ ఉండేదేగా జ్యోతీ! కాస్త బామ్ రాసుకుని పిండి తీసెయ్" అన్నాడు. పదేళ్ళుగా అదే మాట. తెల్లారకముందే వంటిల్లు, జగ్గయ్యపేట నుంచి వీరులపాడు బడికి బస్సూ ఆటో, ఆరు పీరియడ్లు నిలబడి పాఠం, ఇంటికొస్తే మళ్ళీ వంటిల్లు. ఆయనకి మాత్రం అది రోజూ ఉండేదే.

మర్నాడు బడి నుంచి వస్తూ నందిగామలో దిగి ఫిజియోథెరపిస్టు ఉషశ్రీ దగ్గరికి వెళ్ళింది.

"నడుం వంచి బరువులెత్తకండి మేడమ్. మోకాళ్ళు వంచి, బరువు ఒంటికి ఆనించుకుని లేవండి. అలాగని మంచమెక్కొద్దు, నడవాలి. కాలు తిమ్మిరెక్కితే వెంటనే డాక్టరుకి చూపించండి. ఆరు వారాలు బరువులు ఇంట్లో ఇంకెవరైనా ఎత్తాలి. ఆఁ, పిల్లల్తో నడుం తొక్కించుకోవటం లాంటివి చెయ్యకండేం!"

ఆ మాటకి జ్యోతి గుండె కలుక్కుమంది.

పెనుగంచిప్రోలులో మిరపకోతల రోజులు. అమ్మ జయమణి పొద్దంతా వంగి కాయ కోసొచ్చి గడప దగ్గర బోర్లా పడుకునేది. "కాసేపు తొక్కవే తల్లీ, ప్రాణం లేచొస్తది." జ్యోతికి టెన్త్ పరీక్షలు. "నీకిది రోజూ ఉండేదేగా అమ్మా! దగ్గరికొస్తే మిరప ఘాటు, నన్ను చదువుకోనీ" అని పుస్తకం పట్టుకుని పక్కింటికి పోయింది. ఆ తర్వాత అమ్మ మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. ఆదివారం చర్చిలో చాప మీద నిటారుగా కూర్చోలేక, ముసలాళ్ళ పక్కన గోడకి ఆనుకునేది. అది చూసి కూడా జ్యోతి సిగ్గుపడింది గానీ, ఎందుకమ్మా అనలేదు. అయ్యో, మొగుడి కంటే ముందు ఆ మాట అన్నది తనేగా! తొక్కితే నొప్పి తగ్గేదా పెరిగేదా అన్నది వేరే సంగతి. ఒక్క పావుగంట అమ్మ దగ్గర ఉండాల్సింది. ఆ అమ్మ కోసిన కాయతోనే తను టీచరైంది.

బస్టాండులో నిలబడి భర్తకి ఫోన్ చేసింది.

"ఆరు వారాలు గ్రైండర్ రాయి మీరే ఎత్తాలండి. ఆదివారం అమ్మ దగ్గరికెళ్తున్నా. వంట కూడా మీదే."

"ఆదివారమా? అదేంటి జ్యోతీ..."

ఆమె ఫోన్ పెట్టేసి తల్లికి చేసింది.

"అమ్మా, నడుంనొప్పి ఎట్లా ఉందే?"

డెబ్భై ఏళ్ళ జయమణి కంగారుగా అడిగింది.

"ఎవరికే?"